క్రొత్తగా కొన్న గుఱ్ఱము

గుఱ్ఱమును కొనినవారికి తఱచుగా కలుగు అనుభవ మొకటి కలదు. అమ్మకపువాని యింట నది ఆవువలె సాధువుగా నిలిచియుండెను. నోరు తెఱచి పండ్లు చూచిన నూరకుండెను, కాలెత్తుమన్న నెత్తెను, పసివాని మీద కూర్చుండబెట్టినను కదలలేదు. ధర కుదిరినది. లారీలో నిల్లు చేరినది. మూడవనాడో నాలుగవనాడో దాణా పెట్టబోయినవాని భుజము కఱచెను. వారము తిరుగకముందే తంగు బిగింపబోగా వెనుకకాళ్ళు జాడించెను. ఎక్కి నాలుగడుగులు పోనిచ్చిన వెంటనే ముంగాళ్ళెత్తి నిట్టనిలువుగా నిలిచెను. ఇక నింటివారు దాని దాపునకు పోవుటకే జంకుదురు.

అప్పుడు వారు చేయు తీర్పులు రెండు. అమ్మినవాడు మత్తుమందు పెట్టి మోసగించినాడనునది యొకటి. ఈ జంతువు దుష్టస్వభావము కలది, కొరడాతో దాని పొగరు దింపవలెననునది మఱియొకటి. మొదటిది అప్పుడప్పుడు నిజము. అట్టి మందులు లేకపోలేదు. కావుననే తెలిసినవారు కొనుగోలునాడే పశువైద్యునిచే గుఱ్ఱపు నెత్తురు కొంచెము తీయించి భద్రపఱపింతురు. తరువాత ననుమానము పుట్టిన పరీక్షింపవచ్చును. రెండవ తీర్పు మాత్రము దాదాపుగా నెన్నడును నిజము కాదు. ఆ తీర్పు వలననే మనుష్యుల యెముకలు విఱుగుచున్నవి. గుఱ్ఱములు చేతులు మాఱి మాఱి, ప్రతి చేతిలోను మఱికొన్ని దెబ్బలు తిని, తుదకెవ్వరికిని పనికిరానివగుచున్నవి.

క్రొత్త గుఱ్ఱపు చిక్కులు మన దేశమునకు క్రొత్తవి కావు. పదునాఱవ శతాబ్దమున విజయనగరమునకు వచ్చిన నూనిజ్ అను పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు సాళువ నరసింహరాయల గుఱించి యొక వింత వ్రాసినాడు. ఆ రాయలు ఓడలమీద వచ్చు గుఱ్ఱములను బ్రతికినవైనను చచ్చినవైనను కొనుచుండెనట. త్రోవలో చచ్చినదాని తోకను తెచ్చి చూపిన చాలును, ధర ముట్టుచుండెనట. ఆ ప్రయాణ మెట్టిదో దీనినిబట్టి యూహింపుడు. అట్లు సముద్రము దాటి, ఎఱుగని యెండలోనికి, ఎఱుగని మేతకు, ఎఱుగని భాషకు వచ్చిన జంతువు మొదటినాడే మాట వినవలెనన్న నెట్లు వినును? నేడు పుష్కర్ సంతనుండియో సోన్‌పూర్ సంతనుండియో లారీలో వచ్చు గుఱ్ఱము స్థితి దానికంటె మేలే గాని, దాని దృష్టిలో మాత్రము లోకమంతయు నొక్కదినములో మాఱిపోయినది. తోడి గుఱ్ఱములు లేవు. అలవాటైన చేయి లేదు. నీటి రుచి సైతము వేఱు.

మన అశ్వశాస్త్రములు గుఱ్ఱపు మేనిమీది సుడులను విస్తారముగా వర్ణించినవి. తెలుగున మనుమంచి భట్టు రచించిన హయలక్షణసారము కలదు. నేటికిని సంతలలో సుడి చూచి శుభాశుభములు చెప్పువారున్నారు. శాస్త్రకర్తల యెడ నాకు గౌరవము లేకపోలేదు. అయినను నుదుటి సుడి యెక్కడనున్నను తన్ను గుఱ్ఱము తన్నకమానదు. చూడవలసినది సుడిని కాదు; గుఱ్ఱపు కన్నును, చెవిని, వెన్నును, నోటిని.

ముందుగా కన్ను. గుఱ్ఱము వేటాడు జంతువు కాదు, వేటాడబడు జంతువు. దాని కన్నులు తలకు రెండు ప్రక్కల నమరియుండుటచే మెడ త్రిప్పకయే చుట్టు నున్నదాదాపు సమస్తమును చూడగలదు. కానరాని చోట్లు రెండు: నుదుటి ముందు కొంచెము మేర, సరిగా తోక వెనుక. ఆ వెనుక చోటనుండి నిశ్శబ్దముగా వచ్చినవాడు దాని దృష్టిలో పులియే. తన్నుట దానికి ఆత్మరక్షణము. వెలుతురునుండి చీకటికి మాఱుటకు దాని కన్నునకు మన కన్నులకంటె నెక్కువ కాలము పట్టును. మిట్టమధ్యాహ్నపు టెండలోనుండి చీకటి లాయములోనికి లాగినప్పుడు మొరాయించు గుఱ్ఱము మొండిది కాదు; ఆ క్షణమున దానికి ముందు గోతియో గోడయో తెలియదు. ప్లూటార్కు చెప్పిన అలెగ్జాండరు కథ చాలమంది యెఱుగుదురు. ఫిలిప్పు రాజు కొనక త్రిప్పి పంపబోయిన గుఱ్ఱము తన నీడను చూచి తానే బెదరుచున్నదని ఆ బాలుడు కనిపెట్టి, దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పి యెక్కెనట. కథ యెంత నిజమో గాని, కారణమును వెదకిన పద్ధతి మాత్రము సరియైనది.

గుఱ్ఱము మనలను చదువు నేర్పు మఱియొక యద్భుతము. గడచిన శతాబ్దపు మొదట బెర్లినులో ఫాన్ ఓస్టెన్ అను ఉపాధ్యాయునికి హాన్స్ అను గుఱ్ఱముండెను. కూడికలు తీసివేతలు అడిగిన సరియైన సంఖ్య వచ్చువఱకు కాలితో నేలను తట్టి ఆపుచుండెను. 1904లో పండితుల సంఘము పరీక్షించి మోసమేమియు లేదని చెప్పినది. తరువాత ఫుంగ్‌స్ట్ అను శాస్త్రజ్ఞుడు గుట్టు తెలిసికొని 1907లో ప్రకటించెను. అడుగువానికి జవాబు తెలియనప్పుడు హాన్సునకును తెలియదు. అడుగువాడు కనబడనప్పుడును అంతే. సరియైన సంఖ్య దగ్గఱకు వచ్చినప్పుడు అడుగువాని తల, వానికే తెలియకుండ, ఇసుమంత కదలుచుండెను. గుఱ్ఱము దానిని చూచి ఆపుచుండెను. హాన్సునకు లెక్కలు రావు, మనిషి వచ్చును. మీ గుండె దడదడలాడుచుండగా మొగమున ధైర్యము నటించి దాని దగ్గఱకు పోయిన నది మోసపోదు. ముంజేతి బిగువు, నిలిపిన ఊపిరి దానికి తెలిసిపోవును. భయపడుచున్నవాడు ఆనాటికి గుఱ్ఱమునకు దూరముగా నుండి, ధైర్యము కలవానికి పని యొప్పగించుటయే మంచిది. అందులో సిగ్గుపడవలసినది లేదు.

రెండవది నొప్పి. నోరులేని జంతువు నొప్పిని చెప్పుకొనుటకు దానికున్న మాటలు కఱచుట, తన్నుట, ఎగురుట మాత్రమే. జీను మూపుమీద ఒరసికొన్నను, వెన్ను కండరము పట్టుకొన్నను, దవడపండ్ల అంచులు వాడియై బుగ్గను కోయుచున్నను, లాడపు మేకు సున్నితమైన చోట దిగినను మీకు కనబడునది పెంకితనమే. పాత యజమానుని జీను వేఱు, మీ జీను వేఱు. క్రొత్త జీను వేసిన నాటినుండియే చిక్కు మొదలైన నేరస్థుని లాయములో వెదకక జీనులగదిలో వెదకుడు. వ్రేళ్ళతో వెన్నెముక కిరుప్రక్కల మెల్లగా నొక్కుచు పొండు. ఏ చోట చర్మమదరి, వెన్ను క్రుంగి, చెవులు వెనుకకు పోవునో ఆ చోట గురుతుంచుకొని పశువైద్యునికి చూపుడు. విశ్రాంతిగా నిలిచిన పెద్ద గుఱ్ఱపు గుండె నిమిషమునకు 28 మొదలు 44 మాఱులవఱకు కొట్టుకొనును. కారణము లేకయే మిక్కిలి హెచ్చుగానున్న నది భయమో నొప్పియో జ్వరమో కావలెను.

మన దేశమున మఱియొక జాగ్రత్త కలదు. నిన్నటివఱకు సాధువుగానున్న గుఱ్ఱము హఠాత్తుగా మాఱి, తన మేనినే కఱచుకొనుచు, చొల్లు కార్చుచు, మ్రింగలేక, వెనుకకాళ్ళు తూలుచున్న నది పిచ్చికుక్క కాటువలన వచ్చు రేబీసు కావచ్చును. గొంతులో నేదో అడ్డుపడినదని తలచి నోటిలో చేయి పెట్టరాదు. ఎవ్వరిని దగ్గఱకు పోనీక వెంటనే పశువైద్యుని పిలువవలెను. దాని చొల్లు తగిలినవారు, కాటు తిన్నవారు గాయమును సబ్బుతో పదునైదు నిమిషములు కడిగి ఆనాడే ఆసుపత్రికి పోవలెను. ఇది అరుదే, కాని పొరబడిన మఱి దిద్దుకొనుటకు వీలులేనిది. సాధారణపు కాటునకైనను తన్నునకైనను చర్మము చిట్లినచో ధనుర్వాతపు టీకా సంగతి మఱువరాదు.

ఇక మేత. గుఱ్ఱపుపిల్లకు గుగ్గిళ్ళు తిన నేర్పవలెనా యని మనవారందురు. నేర్పనక్కఱలేదు, నిజమే, కాని ఎన్ని తినిపింపవలెనో యజమానుడు నేర్వవలసియున్నది. క్రొత్త గుఱ్ఱముమీది మురిపెముచేత పూట పూటకు ఉలవగుగ్గిళ్ళును, శనగలును, బెల్లమును పెట్టి, రోజంతయు లాయములో కట్టి యుంచుదురు. పనిలేని దేహమున ఆ బలమంతయు ఏమి కావలెను? అది ఎగిరి గంతులు వేయక తప్పదు. అంతకంటె లోతైన సంగతి యొకటి కలదు. గుఱ్ఱము దినములో నధికభాగము మేయుచుండుటకు పుట్టినది. దాని కడుపులో ఆమ్లము తిన్నను తినకున్నను ఊరుచునే యుండును. గంటల తరబడి గడ్డి లేక నిలిపినచో కడుపులో పుండ్లు పడును. ఆ పుండ్లున్న గుఱ్ఱము తంగు బిగించునప్పుడు కఱచుట సామాన్యము. 400 కిలోల గుఱ్ఱమునకు ఎండుగడ్డియే దినమునకు తక్కువలో తక్కువ 6 కిలోలుండవలెను. దాణా దానిపై పనికి తగినంత. మేత మార్చవలసియున్న వారము పదిదినములలో కొంచెము కొంచెముగా మార్చుడు. పాత యజమానుడు పెట్టుచుండినదేమో కొనుగోలునాడే అడిగి, వీలైన నాలుగు దినముల గడ్డి వానివద్దనే కొని తెండు.

ఇంతవఱకు చెప్పినవి గుఱ్ఱము తప్పు కాని కారణములు. కాని నేర్చుకొన్న దురభ్యాసములును ఉండును. ఇచ్చట నొక రహస్యమున్నది. నా యెఱుకలో గుఱ్ఱపు శిక్షణమంతయు దీనిమీదనే నిలిచియున్నది. గుఱ్ఱము ఒత్తిడివలన నేర్వదు. ఒత్తిడి వదలిన క్షణమున నేర్చును. పగ్గము లాగినప్పుడు కాదు, అది ఆగగానే మీరు పగ్గము సడలించినప్పుడు దానికి "ఆగుటే సరి" యని తెలియును. ఆ సడలింపు ఆ క్షణముననే జరుగవలెను. రెండు మూడు నిమిషములు గడచిన దానికి సంబంధము తోచదు.

ఈ న్యాయమే తలక్రిందులుగా కూడ పనిచేయును. సాహిణి తంగును ఒక్క ఊపున బిగించెను. గుఱ్ఱము కఱవ వచ్చెను. సాహిణి తంగు వదలి వెనుకకు గంతువేసెను. గుఱ్ఱ మేమి నేర్చినది? కఱచిన నొప్పి పోవునని. మఱునాడు ఇంకను ముందుగానే కఱచును. ఎక్కినవాడు పడిపోగానే దానిని లాయమునకు తోలుకొనిపోయి గడ్డి వేసిరా, పడవేయుటకు బహుమాన మిచ్చినట్లే. పిమ్మట పదినిమిషములకు పోయి కొరడాతో కొట్టినచో, మనిషి లాయములోనికి వచ్చిన దెబ్బలు పడునని మాత్రము నేర్చును. కావున దుర్గుణమని మీరనుకొన్న ప్రతిదానిని చూచి, ఇది చేసినందువలన దీనికేమి లాభించుచున్నదని యడుగుడు. ఆ లాభము నాపివేసి, మంచిపనికి అదే లాభమును చూపుడు. తంగు నొక్కొక్క రంధ్రముగా, నడుమ నాలుగడుగులు నడిపించుచు బిగించుడు. కదలక నిలిచినప్పుడే చేయి తీయుడు. పదిదినముల పని యిది. ఓర్పు లేనివానికి గుఱ్ఱము వలదు.

బలాత్కారముతో లొంగదీసిన వారును చరిత్రలో ప్రసిద్ధులే. అమెరికాలోని ఒహాయో రాష్ట్రమువాడైన రేరీ 1858లో ఇంగ్లండునకు పోయి, ఇనుప మూతిబుట్టతో కట్టియుంచిన క్రూయిజరు అను భయంకరమైన మగగుఱ్ఱమును కొన్ని గంటలలో సాధువు గావించెను. విక్టోరియా రాణి సముఖమునను ఆయన తన విద్యను ప్రదర్శించెను. ముంగాలొకటి మడచి పట్టీతో కట్టి, గుఱ్ఱము అలసి తనంత పండుకొనునట్లు చేయుట ఆయన యుపాయము. కొట్టుట తిట్టుట లేదు; ఆనాటి క్రౌర్యములతో పోల్చిన నది దయయే. నేటివారు మాత్రము అట్లు నేలకూలిన గుఱ్ఱము నమ్మినది కాదు, ఆశ విడిచినదని చెప్పుచున్నారు. అనుభవము లేనివారి చేతిలో ఆ పద్ధతి కాళ్ళు విఱుచును కూడ. ముండ్ల కళ్ళెము సంగతి చెప్పనే యక్కఱలేదు. పెండ్లి యూరేగింపు గుఱ్ఱముల నోళ్ళలో దానిని చూచుచున్నాము. 1965 నాటి భారవాహక పశువుల నియమములు ముండ్లు గల కళ్ళెమును నిషేధించినవి. ముండ్లవలన నోటికి పుండ్లు, పుండ్లవలన తల యెగురవేయుట, అందువలన ఇంకను పెద్ద ముండ్లు.

మన ప్రాంతమున క్రొత్తగా గుఱ్ఱమును కొనువారిలో కొందఱు హైదరాబాదు మలకుపేట వంటి పందెపు మైదానములనుండి విరమించినవానిని తెత్తురు. ధర తక్కువ, రూపము చూడముచ్చట. అట్టిదాని చిక్కు వేఱు. అది పెంకిది కాదు. మిక్కిలి చదువుకొన్నది, కాని చదువు వేఱు. పందెమున జాకీ పగ్గములను గట్టిగా పట్టియుండగా అది ఆ పట్టుమీద మోపుకొని పరువెత్తుట నేర్చినది. మీరు ఆపుటకై రెండు పగ్గములను బలముగా లాగిన దాని కర్థమైనది "ఇంకను వేగముగా" అని. అది ఆజ్ఞను పాలించుచున్నది. మీరు ప్రాణములు చేత పట్టుకొందురు. అది తెల్లవాఱుజామున వ్యాయామమునకు, గడియారము ప్రకారము దాణాకు, ఎల్లప్పుడు నిరుప్రక్కల తోడి గుఱ్ఱములకు అలవాటుపడినది. అట్టిదానిని తోటలో నొంటరిగా కట్టివేసిన రాత్రియంతయు సకిలించి, లాయములో తిరిగి తిరిగి చెమటలు క్రక్కును. కొన్ని వారములు ఎక్కకుండ, దాణా తగ్గించి గడ్డి పెంచి, కంచె గల బయలులో మఱియొక గుఱ్ఱము కనబడునట్లు విడువుడు. తోడు గుఱ్ఱమే దొరకనిచో మేకయో గాడిదయో కొంత మేలు. పిమ్మట నేలమీదనే నడుచుట, ఆగుట, వెనుకకు ఒక్క యడుగు వేయుట పసిపిల్లకు అక్షరాభ్యాసమువలె మొదటినుండి నేర్పవలెను. మీద కూర్చుండు పని ఆ తరువాతిది.

క్రొత్త గుఱ్ఱముతో పనిచేయువారికి దేహరక్షణపు మాటలు కొన్ని చెప్పవలసియున్నది. ఒంటరిగా పనిచేయకుడు, కేక వినబడునంత దూరమున నొకరుండవలెను. తలకు గట్టి టోపీ, కాళ్ళకు మడమగల బూట్లు. చెప్పులతో రికాబులో కాలుంచినవాని పాదము జొచ్చి చిక్కుకొనును. త్రాటిని చేతికి చుట్టుకొనకుడు. అది పరువెత్తిన వ్రేళ్ళు పోవును. మాటలాడుచు, భుజమువైపునుండి పొండు. వెనుకగా పోవలసిన దానికి ఆనుకొని, చేయి దాని మేనిమీద నుంచి పొండు, లేదా తన్ను తగులనంత దూరముగా పొండు. నడుమ నున్న నాలుగడుగుల మేరయే మృత్యుస్థానము. గోడకును గుఱ్ఱమునకును నడుమ నిలువకుడు. చెవులు మెడకంటుకొనుట, తోక విసరుట, వెనుకకాలు కొంచెమెత్తి పట్టుట, ముక్కుపుటములు ముడుచుట, ఇవి దాని హెచ్చరికలు. హెచ్చరించు గుఱ్ఱము మర్యాద గలది. హెచ్చరికకే దెబ్బలు తిన్నది హెచ్చరించుట మాని, నేరుగా తన్నును.

ఎక్కియుండగా ముంగాళ్ళెత్తినచో పగ్గములను లాగరాదు. లాగిన నది వెనుకకు మీతో కూడ పడును. ముందునకు వంగి, పగ్గములు సడలించి, జూలు పట్టుకొనవలెను. కాళ్ళు నేల నానగానే ముందునకు నడపవలెను. పట్టు తప్పి పరువెత్తినచో రెండు పగ్గములతో పెనుగులాడక, బయలున్నచో ఒక పగ్గముతో క్రమక్రమముగా పెద్ద వలయమునకు, పిమ్మట చిన్న వలయమునకు త్రిప్పుడు. ఒక్కమాఱు గుంజిన కాళ్ళు తడబడి కూలును. వెనుకకాళ్ళెగురవేయు గుఱ్ఱము తల వంచిననే గాని యెగురవేయలేదు. కావున తల పైకుంచి ముందునకు పోనిండు. ఒకే దినమున రెండుమాఱులిట్లు జరిగిన దిగిపొండు. పౌరుషమునకు పోయి మూడవమాఱెక్కుట మన యూళ్ళలో చాలమంది చేయు పని. ఆసుపత్రులలో నెముకలు కట్టువారికి తెలియును.

వైద్యుడు చూచినాడు, జీను మార్చినారు, మేత సరిపఱచినారు, నెల రెండు నెలలు ఓర్పుతో నడిపినారు. అయినను కావలెనని మనిషిమీదికి వచ్చు గుఱ్ఱము నూటికొకటి యుండవచ్చును. దానిని నేర్పరియైన శిక్షకునికి ఒప్పగింపవలెను గాని, పిల్లలున్న యింట నుంచుకొనరాదు. శిక్షకుని దొరకించుకొనలేక అమ్మదలచినచో, కొనువానికి దాని చేష్టలన్నియు దాపరికము లేక చెప్పి, కాగితముమీద వ్రాసి యిండు: ఏ వైపునుండి పోయిన తన్నును, ఏ జీనుతో కఱచెను, ఏ మందిచ్చిరి, ఏమి మేసినది. ధర తగ్గును, తగ్గనిండు. ఆ కాగితము చేతనున్నవాడు మొదటినాడే ఎడమప్రక్కనుండి మాటలాడుచు పోయి, తంగును ఒక్కొక్క రంధ్రముగా బిగించును.